అయిదు నలభైకి బయలుదేరే ఇడ్లీ

మా హోటలుకు నోటీసు రాసిపెట్టిన మనిషికి అయిదు రూపాయలు ఇవ్వడానికి నేను మూడు నెలలు ఏడిపించాను. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అప్పుడూ లేదు. అదే నాతో వచ్చిన చిక్కు.

బిట్రగుంటలో రైల్వే కాలనీ నుంచి ఇంజన్ల షెడ్డుకు పోయే దారి పక్కన మాకో రేకుల కప్పు హోటలు ఉండేది. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, వెనక వంటిల్లు. పొయ్యి దగ్గర నేను, గల్లాపెట్టె దగ్గర మా ఆయన. అణాలూ నయాపైసలూ రెండూ కలిసి తిరుగుతున్న రోజులవి. చిల్లర లెక్క తేలక మా ఆయన ఎప్పుడూ వేళ్ళు మడుస్తూ కూర్చునేవాడు. మొదటి మూడు నెలలు ఆ బాధ కూడా పెద్దగా లేదు, ఎందుకంటే వచ్చేవాళ్ళే లేరు.

మాది బుచ్చిరెడ్డిపాలెం పక్క పల్లె. వరి తప్ప ఇంకొకటి ఎరగని ఇల్లు. మా ఆయనకు ఉబ్బసం. బురదలో దిగితే వారం రోజులు మంచమే. అందుకని మా బావగారు, అంటే మా ఆయన అన్న, మూడు వందలు చేతిలో పెట్టి హోటలు పెట్టుకోమన్నారు. పెట్టేటప్పుడే ఒక గీత కూడా గీశారు. "కార్తీకంలో నాట్లు పడే నాటికి నిలదొక్కుకుంటే సరి. లేకుంటే తలుపులేసి ఇంటికొచ్చేయండి. ఇంక ఆ మాటే ఎత్తొద్దు" అన్నారు.

బావగారు చెడ్డమనిషి కాదు. కానీ ఆ ఇంటికి తిరిగి పోవడమంటే నాకు ప్రాణం పోయినట్టే ఉండేది. పదేళ్ళు ఆ ఇంట్లో పదిమందికి వండాను. వండేది నేను, ఉప్పు వేసేది మా తోడికోడలు. కూర దించేముందు ఆమె వచ్చి ఉప్పు రాతిచిప్పలో చేయి పెట్టి తన చేత్తో వేసిపోయేది. నా చేతి ఉప్పు మీద ఆ ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. వినేవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. పదేళ్ళు పడి చూస్తే తెలుస్తుంది. బిట్రగుంట వచ్చిన మొదటిరోజు పప్పులో నా చేత్తో ఉప్పు వేసుకుని, నిలబడే రుచి చూసి, ఏడ్చాను.

అట్లాంటి హోటలు మూడు నెలలైనా లేవలేదు. డ్రైవర్లూ గార్డులూ తమ పెట్టెల్లో బియ్యం పప్పు తెచ్చుకుని డ్యూటీ మధ్య పడుకునే రన్నింగ్ రూములో వండించుకునేవాళ్ళు. షెడ్డులో పనివాళ్ళు ఇంట్లో చద్దన్నం తిని ఆరుగంటల కూతకు పరుగెత్తేవాళ్ళు. మా హోటలు ముందునుంచే పోయేవాళ్ళు. ఒక చూపు చూసి పోయేవాళ్ళు. ఆ చూపే నా కడుపు మండించేది.

శ్రావణంలో మా ఆయన మినప్పప్పు కోసం కావలి వెళ్ళి, ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు, చేతిలో సైకిలు. ఒకప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడట. ఇప్పుడు ఎవరి దగ్గరా జీతానికి లేడు. బట్టల కొట్టు తెరిచినా, ఊళ్ళో డేరా సినిమా దిగినా, కొత్త సబ్బు వచ్చినా, నోటీసులో మాటలు ఆయనే రాసిపెడతాడట. కావలిలో అందరూ మేష్టారనే పిలుస్తారు, బడిలో ఎన్నడూ చెప్పకపోయినా.

"మాటలకు డబ్బులా? మాటలు నాకు రావా?" అన్నాను వంటింట్లోంచి. గట్టిగానే అన్నాను.

"వస్తాయమ్మా. బాగా వస్తాయని ఈడికే వినపడతా ఉండాది" అన్నాడాయన.

మా ఆయన నవ్వాడు. నేను ఉరిమి చూస్తే ఆపాడు.

మేష్టారు తన పద్ధతి చెప్పాడు. అచ్చు ఖర్చు ప్రెస్సుకు మనమే కట్టుకోవాలి. తన మాటలకు అయిదు రూపాయలు. బయానా అక్కర్లేదు. నోటీసు పంచాక, అందులోని మాట ఏదైనా ఊళ్ళోవాళ్ళ నోటినుంచి మన చెవిన పడితే అప్పుడు ఇవ్వాలి. పడకపోతే ఇవ్వక్కర్లేదు.

"ఎవరూ అనకపోతేనో?"

"అప్పుడు నేను రాసింది మాట కాదమ్మా, ఉత్త సిరా."

ఇంతకంటే చవక బేరం ఎక్కడ దొరుకుతుంది? పడిందో లేదో చెప్పాల్సింది నేనే కదా అనుకుని సరేనన్నాను. ఆ తర్వాత ఆయన మూడు రోజులు మా గుమ్మం దగ్గర బెంచీ మీద ఊరికే కూర్చున్నాడు. పొద్దున్నే కావలి నుంచి సైకిలు మీద రావడం, కూర్చోవడం, పోయేవాళ్ళను చూడడం, నేను పెట్టింది తినడం. ఒక్క అక్షరం రాయలేదు. మధ్యాహ్నం చేపల పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. నేను గిన్నెలు ధన్ ధన్ మని పెడుతూనే ఉన్నాను. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. తీరికైనప్పుడు మా ఆయనను పలకరించేవాడు. బావగారు, మూడు వందలు, కార్తీకం, ఉప్పుతో సహా అన్నీ మా ఆయన మేష్టారి ముందు పోసేశాడు. మా ఆయన కడుపులో ఆవగింజ దాగదు.

మూడో రోజు వెళ్ళబోతూ నన్ను పిలిచాడు.

"అమ్మా, ఈ మూడు రోజుల్లో పద్నాలుగు మంది గుమ్మంలో నిలబడి ఇడ్లీ అయిందా అని అడిగినారు. మీరేమన్నారో గుర్తుందా?"

"అయిపోతా ఉండాది, కూచోండి అన్నాను. ఇంకేమంటారు?"

"పద్నాలుగు మందీ జేబులోంచి గడియారం తీసి చూసుకోని వెళ్ళిపోయినారు."

నాకు అర్థం కాలేదు. మా పల్లెలో అన్నం ఎప్పుడవుతుందంటే, ఇదిగో అయిపోయిందంటాం. ఇంకా బియ్యం కడగకపోయినా అదే మాట. వచ్చినవాడు అరుగు మీద తువాలు వేసి కూర్చుంటాడు, పొద్దు బారెడెక్కుతుంది, ఎప్పుడో తింటాడు. ఎవరికీ తొందర లేదు. నేనూ అదే చేత్తో అదే మాట తెచ్చి ఇక్కడ పెట్టాను. ఇక్కడివాళ్ళు నిమిషాల మీద బతికేవాళ్ళు. ఆరుగంటల కూతకు లోపల ఉండకపోతే ఆ పూట జీతం పోతుంది. నా 'అయిపోతా ఉండాది'ని నమ్ముకుని ఎట్లా కూర్చుంటారు?

"గడియారం కొనండి. గడియారం లేని హోటలుకు నేను రాయను" అని చెప్పి సైకిలెక్కాడు.

"జనం గడియారం తింటారా?" అని మా ఆయన మీద ఎగిరాను. అయినా నాకు లోపల ఎక్కడో చురుక్కుమంది. పద్నాలుగు మంది. పిలవకుండా వచ్చినవాళ్ళను నా నోటితో నేనే పంపించాను. మా ఆయన కావలిలో పాత సామాన్ల అంగడిలో ఒక గోడ గడియారం పట్టుకొచ్చాడు.

నాలుగు రోజులకు గులాబీరంగు కాగితం మీద నోటీసులు వచ్చాయి. నేను పిండి రుబ్బుతుంటే మా ఆయన ఒకటి తెచ్చి చదివాడు.

'రైల్వే సోదరులకు మనవి. కాలనీ నుండి షెడ్డుకు పోవు మార్గములో గల మా హోటలు నుండి ఇడ్లీ ఉదయము 5-40కి, దోసె 6-30కి, భోజనము 11-30కి బయలుదేరును. ఆలస్యముగా బయలుదేరిన వాటికి డబ్బులు పుచ్చుకొనబడవు.'

నా చేతిలో పొత్రం ఆగిపోయింది.

"మళ్ళా చదువు, ఆ ఆఖరుది."

చదివాడు.

"దీనికి నువ్వు ఒప్పుకున్నావా?"

"ఆయన చదివినాడు, నేను తలూపినాను" అన్నాడు. మా ఆయన దేనికైనా తలూపుతాడు. బావగారు కార్తీకం అన్నప్పుడూ అట్లాగే ఊపాడు. అప్పటికే మేష్టారు సగం నోటీసులు షెడ్డు గేటు దగ్గర పంచేసి వెళ్ళాడు.

మర్నాడు అయిదున్నరకే పాతికమంది వచ్చి కూర్చున్నారు. అంతమందిని మా బెంచీల మీద చూడడం అదే మొదలు. సంతోషించే తీరికేదీ? ముందురోజు వానకు కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు. నేను ఊదుతున్నాను, ముక్కూ కళ్ళూ కారుతున్నాయి, ఇడ్లీ పాత్ర ఆవిరి పట్టడం లేదు. బయట అందరూ గోడ గడియారం వైపు చూసి, తమ గడియారాలు చూసుకుని, ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకుంటున్నారు. ఇడ్లీ దిగేసరికి అయిదూ నలభై తొమ్మిది.

తెల్లమీసాల గార్డు ఒకాయన ఇడ్లీ తిని, చేయి కడుక్కుని, గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడు. "తొమ్మిది నిమిషాలు లేటమ్మా. ఆలస్యమైతే డబ్బులు పుచ్చుకొనబడవు గదా?" అన్నాడు. అంతా గొల్లుమన్నారు. పాతికమందీ ఊరికే తిని పోయారు. మా ఆయన వాళ్ళందరికీ నమస్కారం కూడా పెట్టాడు. నేను గరిటె నేలకేసి కొట్టాను. దాని కాడ వంగిపోయింది, చాలా ఏళ్ళు ఆ వంకర గరిటెతోనే వడ్డించాను.

ఆ పొద్దున్నే కాసేపటికి మేష్టారు వస్తే మీద పడ్డాను.

"కొంపకు నిప్పు పెట్టినావే! పాతికమంది ఊరికే తిని పోయినారు."

"మాట చెవిన పడిందా అమ్మా?" అన్నాడు చల్లగా.

"పడకేం? గార్డు నా మొహానే అన్నాడు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఒప్పందం ప్రకారం అయిదు రూపాయలు అప్పుడే పడిపోయాయి. నేనూరుకుంటానా? "అది ఎగతాళికి అన్న మాట. లెక్కలోకి రాదు. సంతోషంగా అనాల" అన్నాను.

ఆయన జేబులో పెన్సిళ్ళు సర్దుకున్నాడు. "సరేనమ్మా. సంతోషంగా అన్నప్పుడే ఇవ్వండి" అని రెండు ఇడ్లీ తిని, డబ్బులిచ్చి పోయాడు. నేను తీసుకున్నాను కూడా.

ఆ రోజు నుంచి నాకు పంతం పట్టింది. నోటీసు మీద కోపం, మేష్టారి మీద కోపం, నవ్విన పాతికమంది మీద కోపం. ఎండు కట్టెలు వంటింట్లోకి మార్పించాను. గార్డు చేతే గడియారం సరిచేయించాను. ఏ పని ఎన్ని నిమిషాలు పడుతుందో మొట్టమొదటిసారి చూసుకున్నాను. ఆవిరి పట్టడానికి ఎంత, ఉడకడానికి ఎంత, గుడ్డ మీంచి ఊడదీయడానికి ఎంత. రెండో రోజు మూడు నిమిషాలు ఆలస్యం. మళ్ళీ ఊరికే తిన్నారు. మూడో రోజు గడియారం ముల్లు అయిదు నలభై మీదికి రావడం, మొదటి పళ్ళెం వంటింటి గడప దాటడం ఒకేసారి జరిగాయి. బెంచీల మీద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది. పైకి మాత్రం, "చాల్లే, తినండి, కూతకు టయిమవుతా ఉండాది" అన్నాను.

ఇక చూడాలి. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళు తినడానికి రావడం మొదలుపెట్టారు. ఒక్క రోజన్నా ఆలస్యం కాకపోతుందా అని ఆశపడి వచ్చేవాళ్ళు కొందరు. వాళ్ళూ డబ్బులిచ్చే పోయేవాళ్ళు. ఫైర్‌మెన్లు బొగ్గు మసి చేతులతో వచ్చి, "అక్కా, సిగ్నల్ పడిందా?" అనేవాళ్ళు. గార్డు రోజూ డబ్బులిస్తూ, "ఆలస్యం లేదు, పుచ్చుకొనబడును" అని మీసాల్లో నవ్వేవాడు. భాద్రపదం దాటేసరికి ఇడ్లీ పాత్ర ఇంకొకటి కొన్నాం.

మేష్టారు పదిహేను రోజులకోసారి వచ్చి మూల బెంచీ మీద కూర్చునేవాడు. "ఏమమ్మా, చెవిన పడిందా?" అనేవాడు. నేను లేదనేదాన్ని. ఒకసారి ఆయన పక్కనే ఇద్దరు ఫిట్టర్లు నోటీసు మొత్తం కంఠతా వల్లించి నవ్వుకున్నారు. "వాళ్ళు కుర్రనాయాళ్ళు, నవ్వులాటకి అన్నారు" అన్నాను. ఇంకోసారి ఎవరో పెద్దాయన అదే మాట అంటే, "ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఆయన మాట చెల్లదు" అన్నాను. ఎంత గడుసు సమాధానాలో! ఆయన ప్రతిసారీ సరేనమ్మా అనడం, తిన్నదానికి డబ్బులివ్వడం, సైకిలెక్కడం.

"ఇచ్చేద్దామే, పాపం. ఆయన పని ఆయన చేసినాడు" అన్నాడు మా ఆయన.

"నువ్వు గమ్మునుండు" అన్నాను. అయిదు రూపాయలు లేక కాదు. ఇచ్చేస్తే ఏదో అయిపోయినట్టు, నేను ఇంక ఎదురుచూడ్డానికి ఏమీ లేనట్టు అనిపించేది. దేనికి ఎదురుచూస్తున్నానో అడిగితే చెప్పలేకపోయేదాన్ని. కార్తీకం దగ్గర పడుతోంది. హోటలు నిండుతోంది, నిజమే. కానీ నిలదొక్కుకున్నామని చెప్పాల్సింది మేం కాదు, బావగారు. ఆ ఇంట్లో నా మాటకు ఎప్పుడు విలువుంది కనుక?

కార్తీకం రెండో వారంలో బావగారు వచ్చారు. కావలిలో చుట్టాలింట్లో ఉండి, తెల్లవారే బండికి దిగి, సరిగ్గా ఆ రద్దీలో చేతికర్రతో గుమ్మంలో నిలబడ్డారు. గడియారంలో అయిదూ ముప్పై మూడు. మా ఆయన గల్లాపెట్టె ముందునుంచి లేచి నిలబడ్డాడు. వంటింటి తలుపు సందులోంచి నేను చూశాను.

"ఏమ్మా, నారు ఎదిగింది. వారంలో నాట్లు" అన్నారు నా వైపు తిరిగి. "ముందు రెండు ఇడ్లీ పెట్టు. తిని మాట్లాడుకుందాం."

పదేళ్ళలో ఆయన అడిగింది నేను కాదన్నది లేదు. ఇడ్లీలు పొయ్యి మీద సగం ఉడుకులో ఉన్నాయి. ఇప్పుడు దించితే పిండి పిండిగా ఉంటాయి. పాత్ర మూత మీద చేయి వేశాను కూడా. బయట ముప్పై మంది ఆ గోడ వైపే చూస్తున్నారు.

"అయిదు నలభైకి బయలుదేరతాయి బావగారూ. ఇంకా ఏడు నిమిషాలుండాయి. కూచోండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బావగారు ఒకసారి నా వైపు, ఒకసారి గడియారం వైపు చూశారు. ఒక ఫైర్‌మన్ జరిగి చోటిచ్చాడు. "కూచోండి పెద్దాయనా. అక్క అయిదు నలభై అంటే అయిదు నలభయ్యే" అన్నాడు. బావగారు కర్ర ఆనించి కూర్చున్నారు. ఎదురుగా గోడకు అంటించిన గులాబీ నోటీసు ఉంది. వేలు చాపి, కూడబలుక్కుంటూ, మొదటినుంచి ఆఖరిదాకా పైకి చదివారు.

అయిదు నలభైకి పళ్ళెం గడప దాటింది. మొదటిది ఆయనకే. రెండు తిన్నారు, ఇంకో రెండు వేయించుకున్నారు. చుట్టూ తింటున్నవాళ్ళనూ, డబ్బులిచ్చి పోతున్నవాళ్ళనూ చూస్తూ తిన్నారు. ఆరుగంటల కూత వేసేసరికి బెంచీలు ఖాళీ. అప్పుడు నన్ను పిలిచారు.

"ఈ పచ్చట్లో ఉప్పెవరేసినారు?"

"నేనే బావగారూ."

"సరిపోయింది" అన్నారు.

చేయి కడుక్కుని, నడుముకు దోపుకున్న సంచి విప్పి, గల్లాపెట్టె మీద చిల్లర పెట్టారు. మా ఆయన రెండు చేతులూ వెనక్కి లాక్కుని, "నీ దగ్గర డబ్బులేందన్నా?" అన్నాడు.

"తీసుకోరా. ఆలస్యమైతే గదా పుచ్చుకోనిది? మీది ఆలస్యం కాలేదు గదా!" అని బావగారు నవ్వారు. ఆయన అంత బాహాటంగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "నాట్లకు కూలోళ్ళను పెట్టుకుంటాలే. మీ పని మీరు చూసుకోండి" అని కర్ర తీసుకున్నారు.

నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఆ మధ్యాహ్నం భోజనం పదకొండున్నరకు బయలుదేరాక, మిగతాది మా ఆయనకు అప్పజెప్పి కావలి బస్సెక్కాను. మేష్టారు ప్రెస్సు వరండాలో ఎవరికో మందుల నోటీసు రాస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. అయిదు రూపాయల నోటు ఆయన చేతిలో పెట్టాను.

"పడింది మేష్టారూ, చెవిన."

"సంతోషంగానేనా?"

"సంతోషంగానే. మా బావగారన్నారు."

ఆయన నోటు కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకోదు కదా. "నేను అబద్ధాలాడినా మేష్టారూ. ఆ మాటలు మూడు నెలలుగా రోజూ వింటానే ఉండా" అన్నాను.

"తెలుసమ్మా. నేను మూల బెంచీ మీదే కూచోనుంటి గదా."

"మరి గట్టిగా అడగలేదేం?"

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "మీకు ఎవరి నోటినుంచి వినాలనుందో మొదటి మూడు రోజుల్లోనే తెలిసింది. ఆయన ఈడికి రావాల, రైలోళ్ళ నడమ కూచోవాల, టయిము చూసుకోవాల. దానికి టయిము పట్టదా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నా జీవితంలో అట్లాంటిది ఒక్కసారే జరిగింది, మా ఆయన ఇప్పటికీ నమ్మడు. ఆ తర్వాత మేష్టారి దగ్గర ఏ పూటకూ డబ్బులు తీసుకోలేదు. దోసెకు వేరే నోటీసు రాయించుకున్నప్పుడు మాత్రం అయిదు రూపాయలూ ముందే చేతిలో పెట్టాను.